కాపు కట్టే పొద్దు

పోయిన శుక్రవారం తిరుపతిలో డాక్టరమ్మ చెప్పిన మాట ప్రసన్నకుమారి తన భర్తకు ఇంకా చెప్పలేదు. ఎడమ రొమ్ములో గడ్డ ఉంది, మంచిది కాదు. వచ్చే సోమవారం ఆసుపత్రిలో చేరాలి, బుధవారం ఆపరేషన్, ఇంటాయన తప్పకుండా వెంట ఉండాలి. చీరలు కొనాలని చెప్పి తోడు తీసుకుపోయిన పక్కింటి యశోదమ్మకు తప్ప ఎగువమిట్టలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. కూతురు భానుశ్రీ వేలూరులో ఉంది, ఏడో నెల. ఆ పిల్లను ఇప్పుడు భయపెట్టడం ప్రసన్నకు ఇష్టం లేదు. తిరుగు బస్సు పూతలపట్టులో ఆగేలోపల యశోదమ్మ చేతిలో చెయ్యి వేసి, "రేపే ఆయనకు చెప్పేస్తా" అంది.

ఆ రేపు వారం రోజులైనా రాలేదు. ఇప్పుడు మళ్ళీ శుక్రవారం.

ధర్మరాజుల గుడి మైకు తెల్లవారకముందే లేచింది. ప్రసన్న పెరట్లో పెద్ద గంగాళంలో పసుపు కలిపి, కొత్త పంచెను ముంచి, రెండు చేతులతో అదుముతూ ఉంది. ఏటా ఎండాకాలం చివర ఎగువమిట్టలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివరి రోజు నిప్పుల గుండం. గుండం తొక్కే మగవాళ్ళు మొదటి రోజు పొద్దు మునిగేలోపల చేతికి కంకణం కట్టించుకుంటారు. దాన్నే కాపు అంటారు. కాపు కట్టుకున్నవాడు గుండం తొక్కేదాకా పొలిమేర దాటకూడదు.

మొదటి కాపు పడితేనే మిగతావాళ్ళకు కడతారు, అది ఎప్పుడూ ఊరి పెద్దాయన శాంతయ్యది. ఈసారి ఆయన బావి గట్టున జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. గుడి ధర్మకర్త నారాయణ నిన్న ఉదయం వచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టకముందే విషయం చెప్పాడు. ప్రసన్న భర్త జయచంద్ర ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపలే ఒప్పుకున్నాడు.

"నాకేం పని ఉండాది ఇంట్లో? కట్టుకుంటా లే" అన్నాడు.

వంటింట్లో బియ్యం ఏరుతున్న ప్రసన్న ఆ మాట విన్నది. చేట కింద పెట్టి బయటికి వచ్చేసరికి నారాయణ చెప్పులు వేసుకుంటున్నాడు, జయచంద్ర షామియానా వాడికి ఫోన్ చేస్తున్నాడు.

జయచంద్ర చిత్తూరు డిపోలో కంట్రోలరుగా రిటైరయ్యాడు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆయనను వదిలింది గానీ ఆయన దాన్ని వదల్లేదు. ఊళ్ళో వాళ్ళకు అర్జీలు రాసిచ్చి సోమవారం కలెక్టరాఫీసుకు తీసుకుపోతాడు. పాల కేంద్రం తగవులు తీరుస్తాడు. పింఛనుదారుల సంఘానికి కార్యదర్శి. ఎవరింట్లో పెళ్ళయినా మండపం దగ్గర నిలబడి బంధువుల బస్సులు సరిగ్గా వచ్చాయో లేదో చూస్తాడు. లెక్కల టీచరుగా రిటైరైన ప్రసన్న కూడా ఖాళీగా లేదు. పొదుపు సంఘం ఆడవాళ్ళు, పది తప్పిన ఆడపిల్లలు, ఆయన వెంట వచ్చేవాళ్ళకు టిఫిన్లు. మీరిద్దరూ రిటైరైనా ఎంత హుషారుగా ఉన్నారో అని చూసిన వాళ్ళందరూ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు నడుము పడిపోయినట్టు ఉంటుంది.

మైకులో పూజారి గొంతు వినిపించింది. "మొదటి కాపుగా జయచంద్ర గారి పేరున అమ్మవారి చేతికి కంకణం కట్టడమైనది."

ప్రసన్న పంచెను పిండి దండెం దగ్గరికి పోయింది. ఎడమ చెయ్యి పైకి లేవలేదు. కుడి చేత్తోనే విసిరి, కొసలు లాగి సరిచేసింది. మడత ఒకవైపు ఎక్కువ వచ్చింది. అలా వదిలేయడం ఆమె వల్ల కాదు. మళ్ళీ తీసి, మళ్ళీ వేసింది.

దండెం మీదుగా చూస్తే వీధికి అవతల నీలం తలుపు కనిపిస్తుంది. అది జయచంద్ర తమ్ముడు ప్రతాప్ ఇల్లు. ప్రతాప్ వాకిట్లో నిలబడి తన ట్రాక్టరు మీద నీళ్ళు పోస్తున్నాడు. ప్రసన్న తల దించుకుంది. అతనూ అటు తిరిగాడు. ఇది రోజూ జరిగేదే. ప్రతాప్ అదే డిపోలో డ్రైవరుగా ఉండేవాడు. ఒకరోజు నిద్రపోయి మదనపల్లి బండి ఆలస్యంగా తీశాడని సొంత అన్నే రిపోర్టు రాశాడు. ప్రతాప్‌ను సస్పెండ్ చేశారు. తిరిగి తీసుకుంటామన్నా అతను పోలేదు. తొమ్మిదేళ్ళుగా రెండిళ్ళకూ మాటల్లేవు. ఊళ్ళో ప్రతి గడపా ఎక్కే జయచంద్ర ఎక్కని గడప అదొక్కటే.

"ఆ చెయ్యి ఏమైంది?"

జయచంద్ర వెనుక తలుపులో నిలబడి ఉన్నాడు. చెవి దగ్గర ఫోను.

"ఏం లేదు" అంది ప్రసన్న.

ఎవరు ఏది అడిగినా మొదట వచ్చే మాట అదే. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే ఆయన ఫోన్లో, "రెండు వైపులా పరదాలు కట్టప్పా, ఎండ దిగే తావ ఆడోళ్ళు కూసుంటారు" అంటూ లోపలికి పోయాడు.

గోడ అవతల నుంచి యశోదమ్మ తల పైకి లేచింది.

"ఏమక్కా, చెప్పినావా?"

"మద్దినేళ చెప్తా."

"మద్దినేళ! పోయిన శనివారం నుంచి ఆ మద్దినేళ వస్తానే ఉండాది. ఆ దారం చేతికి పడితే ఇంగ నీ మొగుడు పద్దెనిమిది దినాలు ఊరు కదలడు. అప్పుడు నువ్వు హరికథ దాసుగారికి చెప్పి, మైకులో చెప్పించుకో ఆయప్పకి."

ప్రసన్నకు నవ్వు వచ్చింది.

"నవ్వొద్దు. ఇది నవ్వే పనేనా?" యశోదమ్మ గొంతు తగ్గించింది. "పోనీ, నేను వస్తా గదా సోమవారం. కోడలు చూసుకుంటాది ఇల్లు."

"నువ్వొస్తే ఆసుపత్రికి చాలు యశోదా. నాకు చాలదు."

యశోదమ్మ గోడ మీద ఉన్న ప్రసన్న పసుపు చేతిని ఒకసారి నొక్కి దిగిపోయింది.

మధ్యాహ్నం వచ్చింది. దాంతో పాటు అర్జీ రాయించుకోవడానికి తిరుమలమ్మ పట్టా కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే పాల కేంద్రం నుంచి ఇద్దరు, వెన్న శాతం సరిగ్గా చూడలేదని ఒకరి మీద ఒకరు చెప్పడానికి వచ్చారు. హరికథ దాసుగారికి భోజనం ఈ ఇంట్లోనే పెట్టాలని ఎవరు ఏర్పాటు చేశారో గానీ ఆయన ఇద్దరు వాద్యగాళ్ళతో వచ్చి కూర్చున్నాడు. ప్రసన్న వడ్డించింది. రసం బాగుందని దాసుగారు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. జయచంద్ర ఒక ముద్ద తినడం, ఒకరితో మాట్లాడటం, లేచి గుడి దాకా పోయి రావడం. ఆమె తన కంచం ముందు కూర్చునే సరికి అన్నం చల్లారింది. మజ్జిగ పోసుకుని తినేసింది.

ఎండ పడమటికి దిగాక పెరట్లోకి పోయి దండెం మీది పంచె తీసింది. ఆరిపోయింది. మడత పెట్టింది. లోపలికి వచ్చి, నడవలో కుర్చీ వేసుకుని, పంచెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకా పొద్దు ఉండగానే ఆమె ఊరికే కూర్చుని ఉండటం ఆ ఇంట్లో ఈ మధ్య ఎవరూ చూడలేదు.

జయచంద్ర తడి తలతో వచ్చాడు. "పంచె యాడ పెట్టినావు? దండెం మీద లేదే."

"నా దగ్గరే ఉండాది. కూర్చోండి."

"కూసునే పొద్దా ఇది? నారాయణప్ప రెండు తూర్లు ఫోన్ చేసినాడు. బిన్నా ఇయ్యి, పొద్దు పోతా ఉండాది."

"ఆ ఫోను అరుగు మీద పెట్టి రండి."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, ఫోను అరుగు మీద పెట్టి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"సోమవారం నన్ను తిరుపతి ఆసుపత్రిలో చేర్చాలి. మీరు రావాలి."

"సోమవారమా? సోమవారం నాటకంలో బకాసురుడికి అన్నం బండి కట్టాల గదా. ఎద్దులకు కూడా..." అన్నాడు జయచంద్ర.

మాట సగంలో ఆగింది. తను ఏమంటున్నాడో ఆయనకే వినిపించినట్టుంది.

"ఆసుపత్రి ఎందుకు?"

"రొమ్ములో గడ్డ ఉంది. సూది వేసి పరీక్ష చేసినారు. మంచిది కాదన్నారు. బుధవారం తీసేస్తారు."

ఆమె పాఠం చెప్పినట్టే చెప్పింది. అలా కాకుండా ఎలా చెప్పాలో తెలియలేదు. జయచంద్ర గోడ గడియారం వైపు చూశాడు. బస్సు ఆలస్యమైనప్పుడు డిపోలో అలాగే చూసేవాడు. తర్వాత మెల్లగా కింద, చాప కూడా లేని నేల మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"చీరలకు పోయిన దినం."

"చీర తెస్తివి గదా?"

"ఒకటి తెచ్చినా. మీకు చూపించినా కూడా. ఫోన్లో మాట్లాడతానే బాగుండాది అన్నారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "వారం దినాలు ప్రసన్నా! ఒక్క మాట చెప్పేదానికి వారం దినాలా? నేనేమన్నా దుబాయిలో ఉండానా? ఇదే ఇంట్లో ఉండా గదా!"

"ఏ దినం చెప్పాల్సిందో మీరే చెప్పండి. కంట్రోలరు గదా. ఖాళీ యాడ ఉండిందో చూడండి."

"శనివారం..." అని మొదలుపెట్టాడు.

"శనివారం భజన వాళ్ళు. పొద్దుపోయే దాకా ఉప్మా వండినా."

"ఆదివారం పలమనేరు పెండ్లి." ఈ మాట ఆయనే అన్నాడు. "సోమవారం కలెక్టరాఫీసు. వచ్చేటప్పుడు..."

"ముగ్గుర్ని భోజనానికి పిల్చుకొచ్చినారు."

"మంగళవారం సంఘం మీటింగు. నిన్న నారాయణప్ప వచ్చె." వేళ్ళ మీద లెక్కపెడుతున్నవాడు ఆగిపోయాడు. తల ఎత్తాడు. "బుధవారం?"

ప్రసన్న పంచె అంచు సరిచేసింది.

"బుధవారం నేను ఇంట్లోనే ఉండినా. వాన కదా, యాడికీ పోలేదు. వరండాలో కూసుని ఒక పేపరే రెండు తూర్లు చదివినా. నువ్వే ఆ పిల్లోళ్ళకి క్లాసు పెట్టుకుంటివి. కాఫీ కూడా నేనే పెట్టుకుంటి." ఆయన గొంతులో కోపం పోయింది. "బుధవారం క్లాసు ఉండదు గదా ప్రసన్నా నీకు?"

నిజమే. బుధవారం క్లాసు లేదు. వానలో ఆయన పేపరు పట్టుకుని కూర్చోవడం చూసి, క్లాసుకు వచ్చే లోహితకు ఆమే ఫోన్ చేసి మిగతా పిల్లల్ని కూడా పిలుచుకుని రమ్మంది. గొడుగులు పట్టుకుని, కాళ్ళంతా బురదతో వచ్చారు పిల్లలు. వర్గ సమీకరణాలు చీకటి పడే దాకా చెప్పింది. వాళ్ళకు అర్థమైన తర్వాత కూడా చెప్పింది.

"భయమేసింది" అంది.

"ఆపరేషనంటేనా?"

"కాదు. నేను చెప్పినాక కూడా మీరు ఫోన్ ఎత్తుతారేమోనని."

ఆ మాట పూర్తి కాకముందే అరుగు మీద ఫోను మోగింది.

జయచంద్ర కదల్లేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఆయన ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, అది ఆగేదాకా అలాగే ఉన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి మోగుతున్న ఫోనును వదిలేయడం చూసి ప్రసన్నకు ఏడుపు వచ్చింది. వారం రోజులుగా రానిది అప్పుడు వచ్చింది. ఆయన ఆమె ఒళ్ళోని పంచె కొస తీసి కళ్ళు తుడవబోయి, పసుపు అంటుకుంటుందని ఆగి, తన తువ్వాలు ఇచ్చాడు.

వీధిలో పలకల మోత దగ్గరైంది. కాపు కట్టుకునేవాళ్ళను ఇంటింటికీ వచ్చి గుడికి తీసుకుపోవడం ఆనవాయితీ. నారాయణ ముందు నడుస్తున్నాడు, వెనక పాతికమంది.

"కంట్రోలరప్పా! టైమంటే నువ్వే టైము అంటివి. పొద్దు వాలతా ఉండాది, ఇంకా పంచె కట్టలా?"

జయచంద్ర లేచి గడప దగ్గర నిలబడ్డాడు. "నా వల్ల కాదు నారాయణప్పా."

నారాయణ నవ్వాడు. ఆ మనిషి నోట ఆ మాట అంతవరకూ ఎవరూ వినలేదు కాబట్టి వేళాకోళమనుకున్నాడు. జయచంద్ర మెట్టు దిగి ఆయన చెవి దగ్గర చెప్పాడు. నారాయణ చెయ్యి ఎత్తగానే పలకలు ఆగాయి. ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, లోపల నిలబడ్డ ప్రసన్న వైపు చూశాడు.

"ఎంత పని జరిగె తల్లీ. మధ్యాన్నం కూడా దాసుగారోళ్ళకు ఆకులు వేస్తివే ఈ చేతుల్తో."

వెనక నుంచి ఎవరో పెద్దామె అంది, "పద్దెనిమిది దినాలే గదా. గుండం తొక్కినాక పోతే సరిపాయె. అమ్మే సూసుకుంటాది."

ప్రసన్న భర్త వైపు చూసింది. అనాల్సింది ఆయనే.

"లేదవ్వా. సోమవారమే పోతాము" అన్నాడు జయచంద్ర.

వారం రోజుల్లో మొదటిసారి ఆమెకు కాళ్ళు నేల మీద ఆనినట్టయింది.

నారాయణ మాత్రం తలగుడ్డ మళ్ళీ కట్టుకోలేదు. "పోవాల్సిందేనప్పా, నేను కాదనను. కానీ కంకణం పొద్దున్నే నీ పేరు చెప్పి అమ్మ చేతికి కట్టేసినాము. అది నీ ఇంటిదైపోయె. ఇంగో ఇంటోడికి కట్టకూడదు. పొద్దు మునిగే లోపల చేతికి పడకపోతే ఈ ఏడు గుండం లేదు, భారతం లేదు. నా తాత కాలం నుంచి ఆగింది లేదు." ఆయన కాస్త ఆగి అన్నాడు, "మీ ఇంటి మగోడు ఎవురైనా కట్టుకోవచ్చు."

ఎవరూ ఏ పేరూ చెప్పలేదు. పాతికమంది తలలు మాత్రం నీలం తలుపు వైపు తిరిగాయి.

ప్రసన్న పంచె పట్టుకుని గడప దాటింది. జయచంద్ర ఆమె చేతిలోంచి పంచె తీసుకున్నాడు. "నేను అడుగుతా" అన్నాడు. ఇద్దరూ కలిసే వీధి దాటారు.

ప్రతాప్ ట్రాక్టరు బానెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంతా చూస్తూనే ఉన్నాడు. అన్న దగ్గరికి వచ్చేదాకా ఆగి, గట్టిగా అన్నాడు.

"ఏం కంట్రోలరు సారూ, బండి లేటయిందా?"

గుంపులో ఒకరిద్దరు నవ్వి మానుకున్నారు. జయచంద్ర పంచె రెండు చేతులతో పట్టుకుని ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"ప్రతాపా, మీ వదినకు బాగలేదు" అన్నాడు.

ప్రతాప్ ముఖంలో ఎగతాళి పోయింది. ప్రసన్న వైపు తిరిగాడు. "ఏమైంది వదినా?"

తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె విన్న పిలుపు అది. "ఆపరేషన్ చెయ్యాలంట. సోమవారం తిరుపతికి పోవాల. మీ అన్న రావాల" అంది.

"ఎంత కాలం నుంచి?" అని అడగబోయి, గుంపును చూసి ఆగిపోయాడు. చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు. పంచె కోసం చెయ్యి చాచాడు. పసుపు బట్టకు అతని వేళ్ళు తగలబోతూ ఉండగా చెయ్యి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"కడతా. వదిన కోసం ఒకసారి కాదు, పదిసార్లు కడతా. కానీ దానికి ముందు ఒక మాట." అతను అన్న కళ్ళలోకి చూశాడు. "ఆ పొద్దు మదనపల్లి బండి ముక్కాలు గంట నిలబెట్టినా. నిద్రపోయి నిలబెట్టలా. ఎవరి కోసం నిలబెట్టినానో నీకు తెలుసు. తెలిసే రాసినావు రిపోర్టు. అది ఈడ చెప్పు. ఊరి కోసం వద్దు, వదిన ముందర చెప్పు."

ఎవరి కోసమైనా బండి నిలిపాడని ప్రసన్నకు తెలియదు. నిద్రపోయాడనే భర్త ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పాడు. ఆమె ఆ మాటే నమ్మి, తొమ్మిదేళ్ళుగా దండెం దగ్గర తల దించుకుంటూ వచ్చింది.

గుడి గోపురం మీద ఎండ సగం పోయింది. "అప్పా, పొద్దు..." అన్నాడు నారాయణ మెల్లగా.

జయచంద్ర తమ్ముడి వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. "వాడు నిద్రపోలేదు ప్రసన్నా, ఆసుపత్రికి పోవాల్సిన ఒకామె కోసం బండి నిలబెట్టినాడు, తెలిసే రాసినా" అన్నాడు.